వంశవృక్షం వెతికిపెడతామనే సేవలు: ఉత్తరాంధ్ర కుటుంబాలకు ఏ మేరకు పనికొస్తాయి?

మారిషస్, దక్షిణాఫ్రికా, ఫిజీ దేశాలకు ఒప్పంద కూలీలుగా వెళ్లిన తెలుగువారి మునిమనుమలు తమ పూర్వికుల ఊరు వెతుక్కుంటూ శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు రావడం కొత్తేమీ కాదు. మారిషస్‌లోని భారత సంతతివారికి ఏడో తరం వరకు ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డుకు అర్హత కల్పిస్తున్నట్లు 2024 మార్చిలో అక్కడ పర్యటించిన రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము ప్రకటించిన తర్వాత, అంతవరకు మమకారంతో సాగిన ఈ వెతుకులాటకు కాగితాల అవసరం కూడా తోడైంది. ఇటు అమెరికాలోనో బెంగళూరులోనో స్థిరపడిన మన పిల్లలు తాతగారి తాత పేరేమిటని ఇంటికి ఫోన్ చేసి అడుగుతున్నారు, జవాబు దొరక్కపోతే ఏదో ఒక వంశ పరిశోధన సైటుకు కార్డు నంబరు ఇచ్చేస్తున్నారు. చందా కట్టించుకుని పాత రికార్డులు చూడనిచ్చే సైట్లు, గంటల లెక్కన రుసుము తీసుకుని పరిశోధకుల చేత వెతికించే సంస్థలు, లాలాజలం నమూనా తీసుకుని డీఎన్‌ఏ నివేదిక పంపే కంపెనీలు ఇప్పుడు మన ప్రాంతం వారికీ అందుబాటులో ఉన్నాయి.

ఈ సేవలు వాడినవారి మాటలు వింటే రెండు రకాల అనుభవాలు కనిపిస్తాయి. కొందరికి నూటయాభై ఏళ్ల నాటి కాగితం మీద ముత్తాత పేరు, ఊరి పేరు చేతికందాయి. మరికొందరికి అంతే సొమ్ము, అంతకంటే ఎక్కువ కాలం ఖర్చయ్యాక అందమైన అట్టతో ఒక నివేదిక వచ్చింది గానీ అందులో తమకు తెలియని సంగతి ఒక్కటీ లేదు. పరిశోధకుడి ప్రతిభకు ఈ తేడాలో ఉన్న పాత్ర తక్కువేనని నా అభిప్రాయం. ఆ పూర్వికుడి పేరు ఏ ప్రభుత్వమైనా ఎప్పుడైనా కాగితం మీద పెట్టిందా లేదా అన్నదాని మీదే ఫలితం ఆధారపడుతుంది. ఉత్తరాంధ్ర విషయంలో ఈ ప్రశ్నకు జవాబు చాలావరకు పని మొదలుపెట్టకముందే చెప్పవచ్చు. చెప్పగలిగిన ఆ సంగతిని డబ్బు తీసుకునే ముందు చెప్పకపోవడమే ఈ వ్యాపారంలో అసలు లోపం.

ముందుగా ఒప్పంద కూలీల సంగతి చూద్దాం. మద్రాసులో బయలుదేరిన ట్రూరో అనే ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. అది మొదలు 1911 వరకు సుమారు 1,52,000 మంది భారతీయులు డర్బన్ ఉన్న నటాల్ ప్రాంతానికి వెళ్లారు. మారిషస్‌కు ఈ వలస 1834లోనే మొదలైంది. ఫిజీకి 1879 నుంచి 1916 దాకా సాగింది, మద్రాసు రేవు నుంచి అక్కడికి ఓడలు 1903 నుంచి వెళ్లాయి. ఓడ ఎక్కిన ప్రతి మనిషికీ ఒక వరుస సంఖ్య ఇచ్చి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద గుర్తులు రాసుకున్నారు. ఎడమ కనుబొమ్మ మీద మచ్చ ఉందనో, ముంజేతి మీద పచ్చబొట్టు ఉందనో రాసుకున్నది తోట వదిలి పారిపోతే పట్టుకోవడానికే. ఫొటో దొరకని చోట ఆ మనిషి ఎలా ఉండేవాడో చెప్పే మాటలు ఆయన సంతానానికి ఈనాడు ఆ నాలుగే. ఈ కోవకు చెందిన కుటుంబం రుసుము కట్టి వెతికించుకుంటే ఫలితం దక్కే అవకాశం నిజంగానే ఎక్కువ. నటాల్ ఓడల జాబితాలు కంప్యూటర్లకెక్కాయి. మారిషస్ రికార్డులు మోకా అనే ఊళ్లోని మహాత్మా గాంధీ సంస్థ దగ్గర భద్రంగా ఉన్నాయి. కాబట్టి పరిశోధకుడు ఏ చోట వెతికాడో మనమే సరిచూసుకోవచ్చు.

అయితే కాగితం దొరికిన తర్వాత దాన్ని చదవడంలో జరిగే పొరపాట్లు కుటుంబాలను చాలా దూరం తిప్పుతాయి. డర్బన్ కుటుంబం ఒకటి తెప్పించుకున్న నివేదికను నరసన్నపేటలో ఒక పరిచయస్తుల ఇంట్లో చూశాను. పూర్వికుడి జిల్లా గంజాం, తాలూకా చికాకోల్ అని ఓడ జాబితా నకలులో స్పష్టంగా ఉంది. నివేదిక రాసినవారు మాత్రం గంజాం అనగానే ఒడిశాలోని నేటి గంజాం జిల్లాను తీసుకుని, బరంపురం చుట్టుపక్కల ఊళ్లలో వాకబు చేయాలని సలహా ఇచ్చి, ఆ ప్రాంతపు గుళ్ల రంగుల ఫొటోలతో పేజీలు నింపారు. చికాకోల్ అంటే మన శ్రీకాకుళమే. ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడిన 1936 ఏప్రిల్ 1 వరకు శ్రీకాకుళం, టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపురం ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలో ఉండేవి. ఆ తర్వాత విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. శ్రీకాకుళం జిల్లా 1950 ఆగస్టు 15న, విజయనగరం జిల్లా 1979 జూన్ 1న ఏర్పడ్డాయి. బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం, చీపురుపల్లి వారి ఊళ్లు ఆ జాబితాల్లో విజగపటం (అంటే విశాఖపట్నం) జిల్లా కింద ఉంటాయి. నేటి జిల్లా పేరుతో వెతికి ఏమీ లేదని చెప్పిన పరిశోధకుడు, ఆ రుసుముకు తగ్గ పని చేసినట్లు కాదు.

జిల్లా సరిగ్గా పట్టుకున్నా ఊరి పేరు దగ్గర మరో చిక్కు వస్తుంది. కొత్తవలస, సీతారాంపురం, లక్ష్మీపురం వంటి పేర్లున్న ఊళ్లు ఈ జిల్లాల్లో ఒకటికి మించి ఉన్నాయి. ఇక మనుషుల పేర్ల సంగతి చెప్పనక్కర్లేదు. సింహాద్రి అప్పన్న మీద భక్తితో అప్పలస్వామి, అప్పలనాయుడు, అప్పలనరసమ్మ, సింహాచలం అనీ, విజయనగరం పైడితల్లి అమ్మవారి పేర పైడిరాజు, పైడితల్లి అనీ పేర్లు పెట్టుకున్న ప్రాంతం ఇది. ఒకే ఊళ్లో ఒకే తరంలో అరడజను మంది అప్పలస్వాములు ఉండటం మామూలే, వాళ్లలో ఇద్దరి తండ్రుల పేర్లు కూడా కలవవచ్చు. ఓడ జాబితాలో ఇంటిపేరు తరచుగా ఉండదు. అటువంటప్పుడు పేరు, ఊరు కలిశాయి కాబట్టి ఈయనే మీ ముత్తాత అని నివేదిక తేల్చేస్తే, అది నిర్ధారణ కింద లెక్కకు రాదు. ఆయన కావచ్చు, ఫలానా కాగితం దొరికితే తేలుతుంది అని రాసిన నివేదిక చదవడానికి నిరుత్సాహంగా ఉన్నా నిజాయతీగలది. చందా సైట్లలో ఒకరి వంశవృక్షాన్ని ఇంకొకరు నకలు చేసుకునే వెసులుబాటు ఉండటంతో, ఆధారం లేని ఇటువంటి ఊహ కొద్ది కాలానికే పది చోట్ల కనిపించి నిజమన్న భ్రమ కలిగిస్తుంది.

బర్మా వెళ్లినవారి కుటుంబాల పరిస్థితి మరీ బాధాకరం. ఉత్తరాంధ్ర నుంచి సముద్రం దాటినవారిలో రంగూన్ దారి పట్టినవారు లెక్కకు మిక్కిలి. కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం రేవుల్లో స్టీమరు ఎక్కి బియ్యపు మిల్లుల్లోనో ఓడరేవు పనుల్లోనో చేరి, కొన్నేళ్లకు తిరిగొచ్చి మళ్లీ వెళ్లేవారు. బర్మా 1937 ఏప్రిల్ 1 వరకు బ్రిటిష్ ఇండియాలో ఒక భాగం, అంటే ఈ ప్రయాణం పరాయి దేశానికి వలస కింద లెక్కకు రాలేదు. నటాల్ కూలీకి ఇచ్చినటువంటి వ్యక్తిగత పత్రం వీరికి లేదు. కూలీలను కుదిర్చే మేస్త్రీ పిలిచాడు, అడ్వాన్సు ఇచ్చాడు, వెంట తీసుకెళ్లాడు. ఉంటే గింటే ఆ మేస్త్రీ లెక్కల పుస్తకంలో పేరు ఉండాలి. 1941-42లో జపాను దాడులప్పుడు లక్షలాది భారతీయులు కాలినడకన వెనక్కి వచ్చినప్పుడు, ఉన్న కాసిని కాగితాలూ దారిలోనే పోయాయి. అటువంటి కుటుంబం దగ్గర గంటల లెక్కన రుసుము తీసుకుని, చివరికి రికార్డులు లభించలేదని ఒక వాక్యం రాసి పంపడం నా దృష్టిలో అన్యాయం. ఆ వాక్యం మొదటి రోజే, రుసుము లేకుండానే చెప్పవలసినది.

సొంత ఊళ్లోనే ఉండిపోయినవారి మాటేమిటి? పాశ్చాత్య దేశాల వంశ పరిశోధనకు చర్చి రిజిస్టర్లు మూలాధారం. బాప్తిస్మం, పెళ్లి, ఖననం మూడూ అక్కడే నమోదవుతాయి. మన దగ్గర కెనడియన్ బాప్టిస్టు మిషన్, అంతకుముందు లండన్ మిషన్ పనిచేసిన ఊళ్లలోని క్రైస్తవ కుటుంబాలకు ఆ వీలు కొంత ఉంది, మిగతావారికి లేదు. భూమి రికార్డులు చూద్దామంటే, 1802లో శాశ్వత శిస్తు ఒప్పందం వచ్చాక విజయనగరం, బొబ్బిలి, పర్లాకిమిడి వంటి జమీందారీల్లో ప్రభుత్వానికి తెలిసినది జమీందారు పేరే. దున్నేవాడి పేరు ఎస్టేటు లెక్కల్లోనే ఉండేది. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత సర్వే జరిగి సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ అనే భూమి రిజిస్టరు తయారైనప్పుడే చాలా గ్రామాల్లో రైతు పేరు ప్రభుత్వ పుస్తకంలోకి ఎక్కింది. భూమి లేని కూలీ కుటుంబానికి అదీ లేదు. గ్రామ లెక్కలు రాసే కరణాల వ్యవస్థ 1984లో రద్దయింది. అప్పటిదాకా వారి ఇళ్లలో ఉన్న పాత పుస్తకాల్లో ఎన్ని కార్యాలయాలకు చేరాయో, ఎన్ని చెదపట్టాయో ఊరూరా వేర్వేరు కథ. రైతు కుటుంబానికి నాలుగు తరాల పైన చూపిస్తామని ప్రకటించే ఏ సంస్థ అయినా, ఏ కాగితం ఆధారంగా చూపిస్తారో ముందే రాసి ఇవ్వాలని అడగాలి.

కాగితం లేనిచోట డీఎన్‌ఏ పరీక్ష దారి చూపుతుందని చాలామంది ఆశ పెట్టుకుంటున్నారు. ఈ నివేదికలు రెండు పనులు చేస్తాయి: మీ మూలాలు ఏ ప్రాంతానివో అంచనా వేస్తాయి, తమ దగ్గర నమూనా ఇచ్చినవారిలో మీకు చుట్టాలెవరో చెబుతాయి. మొదటిది మనవారికి చాలాసార్లు దక్షిణ భారతదేశం అన్నంత స్థూలంగా తేలుతుంది, అది తెలుసుకోవడానికి పరీక్ష అక్కర్లేదు. రెండోదానికి మన పెళ్లి సంబంధాలే అడ్డు. తరతరాలుగా కులంలోనే, అందులోనూ మేనమామ కూతురినో మేనత్త కొడుకునో చేసుకున్న కుటుంబాల్లో ఇద్దరు మనుషులు పంచుకునే డీఎన్‌ఏ పాలు మామూలుకంటే ఎక్కువగా ఉంటుంది. మేనరికాలు అరుదైన సమాజాల లెక్క ప్రకారం తయారైన అంచనా, నాలుగో తరంలో కలిసే దూరపు చుట్టాన్ని రెండో తరం దాయాదిగా చూపించగలదు. పైగా ఇచ్చిన నమూనా ఎవరి చేతికి పోతుందన్నది చిన్న ప్రశ్న కాదు. 2023లో డీఎన్‌ఏ పరీక్షలు చేసే 23అండ్‌మీ సంస్థలో జరిగిన డేటా చోరీలో సుమారు 69 లక్షల మంది వివరాలు బయటపడ్డాయి, 2025 మార్చిలో ఆ సంస్థ దివాలా రక్షణ కోరింది. నమూనా ఇచ్చేది ఒక్కరే అయినా బయటపడేది అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల వివరాలు కూడా.

డబ్బు తగాదాల్లో ఎక్కువగా వినిపించేది ఆటోమేటిక్ రెన్యువల్. పద్నాలుగు రోజులు ఉచితమని కార్డు నంబరు తీసుకోవడం, గడువు దాటగానే ఏడాది చందా డాలర్లలో కోసేయడం మామూలైపోయింది. చందాలోకి లాగడం తేలిక చేసి రద్దు కష్టం చేసే ఇటువంటి ఎత్తుగడను, కేంద్రం 2023 నవంబరులో తెచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (మభ్యపెట్టే డిజైన్లు) మార్గదర్శకాలు నిషేధించాయి. మన బ్యాంకు కార్డు మీద పదేపదే జరిగే కోతలకు 24 గంటల ముందే సమాచారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదు అందినట్లు 48 గంటల్లో తెలపాలి, నెలలో పరిష్కరించాలి. మన దేశంలోని వినియోగదారులకు క్రమం తప్పకుండా సేవలు అమ్మే విదేశీ సంస్థలకూ ఇవి వర్తిస్తాయి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. అక్కడ తేలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే రెండేళ్లలోపు కేసు వేయవచ్చు, చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే రుసుము కూడా లేదు. విదేశీ సంస్థ నుంచి సొమ్ము రాబట్టడం ఆచరణలో కష్టమే, కానీ శ్రీకాకుళంలో కూర్చుని ఏమీ చేయలేమనుకోవడం మాత్రం సరికాదు.

ఈ వ్యాపారంలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది స్థానికుల పాత్రను చూసే తీరు. నివేదికలో నిజంగా పనికొచ్చే సమాచారం చాలాసార్లు ఊరి పెద్దల నోటినుంచో, రిటైరైన మాస్టారి జ్ఞాపకాల నుంచో, పురోహితుడి నుంచో వస్తుంది. తద్దినం పెట్టే ఇళ్లలో తండ్రి, తాత, ముత్తాతల పేర్లతో పాటు తల్లి, నాయనమ్మ, ఆ పైతరం ఆడవారి పేర్లు కూడా గోత్రంతో సహా చదువుతారు. భూమి పుస్తకాల్లో ఎక్కడా కనిపించని ఆడవారి పేర్లు మిగిలింది అక్కడే. గయ, కాశీ, పూరీ వెళ్లినవారు పండాల (అక్కడి తీర్థ పురోహితుల) పుస్తకాల్లో రాయించిన వివరాలు ఇంకో ఆధారం, అటువంటి క్షేత్రాల రికార్డుల ఛాయాచిత్రాలు కొన్ని ఫ్యామిలీసెర్చ్ సైటులో ఉచితంగానే చూడవచ్చు. ఫోను చేసి ఈ పెద్దల నుంచి సంగతులు రాబట్టినవారు వారికి పైసా ఇవ్వరు, నివేదికలో వారి పేరూ రాయరు.

ఊళ్లోకి వచ్చి తాతల పేర్లు అడిగితే భూమిలో వాటా కోసమేమో అని తలుపు వేసుకునే ఇళ్లూ ఉన్నాయి, ఆ అనుమానాన్ని తప్పు పట్టలేం. మూడు తరాలుగా ఆ పొలం దున్నుకుంటున్నవారికి, విదేశం నుంచి వచ్చిన ఫోను దేనికోసమో ఎలా తెలుస్తుంది? అందుకే వెతికించుకునేవారు సంస్థతో రాతపూర్వకంగా నాలుగు సంగతులు ముందే ఒప్పించుకోవాలి. ఏయే రికార్డులు, ఏ సంవత్సరాలవి చూస్తారో చెప్పాలి. చూసి దొరకనివాటి జాబితా కూడా ఇవ్వాలి. ప్రతి పేరుకూ కాగితం నకలు జతచేయాలి. బతికున్నవారి వివరాలు వారి అనుమతి లేకుండా సైటులో పెట్టకూడదు. ఈ షరతులకు ఒప్పుకోని సంస్థకు అడ్వాన్సు పంపవద్దు.