తాటికాయల బండి, అట్టపెట్టె బండి

మొన్న మే నెలాఖర్లో అమెరికా నించి పిలకాయలిద్దర్నీ తీసుకుని ఊరికి పోయేటప్పుడు ఒక సూట్‌కేసు మొత్తం వాళ్ళ కోసమే సర్దాను. గ్రానోలా బార్లు, చేప బొమ్మల బిస్కెట్లు, పండ్ల గుజ్జు పౌచ్‌లు, వాటి మీద నాలుగు క్రాఫ్ట్ కిట్లు. ఆ పల్లెలో వీళ్ళేం తింటారో, ఆ ఎండలో వీళ్ళకెట్టా పొద్దుపోతుందో అని నా భయం. మాది కందుకూరు పక్కన ఊరు. మా నాయన చిన్నప్పుడు అది నెల్లూరు జిల్లా, 1970లో ఒంగోలు జిల్లా వచ్చినాక అందులో కలిసింది, అదే తర్వాత ప్రకాశం అయ్యింది, మళ్ళీ 2022లో నెల్లూరులో కలిపారు, జిల్లా ఏదైనా మా మాటలో నెల్లూరు యాస మాత్రం పోలా. ఆ సూట్‌కేసు సంగతికొస్తే, నాలుగు రోజులు తిరక్కుండానే దాన్ని మంచం కిందకి తోసేశాం, మళ్ళా వచ్చేటప్పుడే బయటికి తీసింది.

ఏం జరిగిందంటే మా అన్న చేలో నించి ముంజకాయల గెల ఒకటి దించుకొచ్చాడు. కత్తితో పైన చెక్కి ఇస్తా ఉంటే పిలకాయలు బొటనేలు పెట్టి ముంజెలు తోడుకోవడం, నీళ్ళు మోచేతుల దాకా కారిపోవడం, చొక్కాలన్నీ మరకలు. తినడం అయినాక నేను ఖాళీ కాయలు ఎత్తి గేదె ముందర వేయబోతుంటే అన్న ఆపి, ఒకే సైజువి రెండేరి, తుమ్మకర్ర చెక్కి ఇరుసుగా గుచ్చి, మధ్యలో తోసేదానికి పొడుగాటి పంగలకర్ర పెట్టాడు. పది నిమిషాల పని. ఏడేళ్ళ మా పెద్దది, నాలుగున్నరేళ్ళ చిన్నోడు ఆ బండి తోసుకుంటా రామాలయం దాకా పోవడం, రావడం, ఎండ దిగినాక చీకటి పడేదాకా అదే పని. మూడు రోజులకి కాయలు ఎండి ఇరుసు దగ్గర పగిలినయ్యి, అప్పుడు మా పెద్దదే వాళ్ళ మామ పక్కన కూర్చుని రెండో బండి చేసింది, కర్ర లావుగా ఉంటే కాయ చీలిపోద్దని దానికే తెలిసింది, ఎవరూ చెప్పలా. నేను మోసుకుపోయిన కిట్టులో అన్నీ ముందే కోసి, అంకెలు వేసి ఉంటాయి, చేసిన బొమ్మ విరిగితే అంతే, మళ్ళీ చేసేదానికి లేదు.

ఇదంతా చూసి డల్లాస్‌కి తిరిగొచ్చినాక నేను చేసిన మొదటి పని తప్పు పని. ఇంట్లోనే అన్నీ చేద్దాం, కొనుడు మానేద్దాం అనుకుని ఒక శనివారం రెండు కేజీల పిండి కలిపి జంతికలు మొదలుపెట్టా. మూడు గంటలు పొయ్యి దగ్గర నిలబడ్డా, ఇల్లంతా పొగ, స్మోక్ అలారం రెండుసార్లు మోగింది, కాగిన నూనె కాబట్టి పిలకాయల్ని వంటగది వైపు రావద్దని అరుస్తానే ఉన్నా. వాళ్ళు ముందు గదిలో టీవీ చూస్తా కూర్చున్నారు. జంతికలు బాగానే వచ్చినయ్యి. కానీ రాత్రి డబ్బాలో సర్దుతుంటే లెక్కేసుకున్నా, నూనె ఖర్చు, మిగిలిన నూనె మళ్ళీ మళ్ళీ వాడేది కాదు, నా సగం రోజు, పిలకాయలు చెయ్యి పెట్టింది లేదు. ఇందులో పొదుపు ఏముంది?

అప్పుడు గుర్తొచ్చింది, అమ్మ కూడా రోజూ ఇట్టా చెయ్యలేదే. జంతికలు, చెక్కలు, అరిసెలు పండగకి, లేకపోతే ఆడబిడ్డ పురిటికొచ్చినప్పుడు, అదీ ఇరుగుపొరుగు నలుగురు ఆడోళ్ళు కలిసి చేసే పని. స్కూలు నించి వచ్చి పుస్తకాల సంచీ పారేసినాక మేం తిన్నది వేరే. ఉడకబెట్టిన అలసందల గుగ్గిళ్ళు, వేయించిన చెనక్కాయలూ బెల్లం ముక్క, బొరుగుల్లో ఉల్లిపాయ ముక్కలు, ఇంత కారం, చెంచాడు నూనె వేసి కలిపింది, చలికాలంలో గెనుసుగడ్డలు, సంక్రాంతప్పుడు తేగలు. తాటిపండు తిన్నాక టెంకల్ని ఇసకలో పాతేస్తే మూడు నెలలకి తేగలు దిగేవి, ఒక టెంక ముందే పగలగొడితే లోపల తెల్లగా గుంజు, దానికోసం మేం కొట్టుకునేవాళ్ళం. పొగాకు క్యూరింగ్ రోజుల్లో మా పక్కన బ్యారన్ (పొగాకు ఆరబెట్టే కొట్టం) పొయ్యి రాత్రీ పగలూ మండతానే ఉండేది, కాపలా తాత ఆ నిప్పుల్లో గడ్డలు పూడ్చి పెట్టేవాడు, బూడిద దులుపుకుని తిన్న ఆ గెనుసుగడ్డ రుచి నాకు ఓవెన్‌లో ఇప్పటికీ రాలేదు, కానీ ఓవెన్‌లో కూడా తొక్క కాస్త మాడేదాకా ఉంచితే దగ్గరికొస్తుంది.

నా అభిప్రాయం ఇది. మనం ఈ దేశానికి వచ్చేటప్పుడు పండగ వంటలన్నీ తెచ్చుకున్నాం, ఇండియన్ స్టోర్లో వరసగా ప్యాకెట్లు ఉంటాయి, మన ఊళ్ళ నించి కొరియర్లో కూడా తెప్పించుకుంటున్నాం. సాయంత్రం నాలుగ్గంటల తిండిని మాత్రం ఊళ్ళోనే వదిలేసొచ్చాం. ఆ ఖాళీలోకే ఈ బార్లు, చిప్స్, పౌచ్‌లు వచ్చి కూర్చున్నాయి. చిన్నపిల్లలున్న ఇంట్లో నెల బడ్జెట్‌ని తినేది పండగ వంటలు కాదు, రోజూ నాలుగ్గంటలకి చింపే ప్యాకెట్లే. జంతికలు కొనుక్కోండి, నిజంగానే చెబుతున్నా, అందులో తప్పులేదు. రోజూ తినేది మాత్రం ఇంట్లో చేసుకుందాం, ఎందుకంటే అదే చవక, అదే తేలిక, పిలకాయలు చెయ్యి పెట్టేదానికి వీలయ్యేదీ అదే.

ఉదాహరణకి గుగ్గిళ్ళు చూడండి. ఇక్కడ మామూలు గ్రోసరీ షాపులో బ్లాక్ ఐడ్ పీస్ అని రాసి ఉండే సంచీలే మన అలసందలు. ఒక కప్పు రాత్రి నానబెడితే పొద్దునకి రెండింతలు పైనే అవుతయ్యి, కుక్కర్లో రెండు విజిల్స్ చాలు, ఎక్కువైతే పప్పైపోద్ది. నీళ్ళు వంచేసి ఆవాలు, ఎండుమిరపకాయ, కరివేపాకు తాలింపు వేసి కొబ్బరి తురుము చల్లడమే. వంచిన నీళ్ళు పారబొయ్యకుండా ఆ రాత్రి చారులో పోసుకోవచ్చు. ముందురోజు రాత్రి గింజల్లో రాళ్ళూ పుచ్చులూ ఏరి నీళ్ళు పోసే పని మా చిన్నోడిది. పొద్దున లేస్తానే పరిగెత్తుకొచ్చి ఎంత ఉబ్బినయ్యో చూస్తాడు, వాడు నానబెట్టింది కాబట్టి తింటాడు, నేను గిన్నె పట్టుకుని వెంటపడే పని పోయింది.

చెనక్కాయల ఉండలకి పాకం పట్టాల్సిన పని లేదు. రెండు కప్పుల గింజలు సన్న సెగ మీద వేయించి, ఆరినాక పొట్టు నలిపి చెరగాలి, ఈ పని పిలకాయలకి ఇష్టం, పొట్టంతా ఎగురుద్ది, బాల్కనీలో చెయ్యండి. ఒక కప్పు తురిమిన బెల్లం వేసి మిక్సీలో ఆపి ఆపి తిప్పితే నూనె బయటికొచ్చి ముద్దవుతుంది, ఉండలు చుట్టుకోవడమే. అందులోనే వేయించిన రాగిపిండి కలిపితే ఇంకా మంచిది, రాగుల్లో 100 గ్రాములకి 300 మిల్లీగ్రాములకు పైనే కాల్షియం ఉంటుంది. 2023ని ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరం అని జరిపారు, మన వాట్సాప్ గ్రూపుల్లో కూడా ఆ సంవత్సరం అంతా సజ్జలు, రాగుల మెసేజీలే, ఆ సంవత్సరంతో పాటే అవీ ఆగిపోయినయ్యి.

చెనక్కాయల దగ్గర మాత్రం జాగ్రత్త. నాలుగేళ్ళ లోపు పిల్లలకి గింజలు గింజలుగా పెట్టొద్దు, గొంతులో అడ్డం పడతయ్యి, పొడిచేసి ఉండలుగానే ఇవ్వండి, గుగ్గిళ్ళు కూడా వేళ్ళతో మెదిపి పెట్టండి. ఇక్కడ చాలా స్కూళ్ళలో చెనక్కాయలు తేవద్దంటారు, పోనీ నువ్వులుండలు పెడదామంటే నువ్వుల్ని కూడా 2023 జనవరి నించి పెద్ద అలర్జీ పదార్థాల్లో తొమ్మిదోదిగా చేర్చారు, ప్యాకెట్ల మీద రాయాల్సిందే. కాబట్టి స్కూలు డబ్బాకి వేయించిన శనగలు, బొరుగులు, గుగ్గిళ్ళు. ఉండలు ఇంటికొచ్చినాక.

పచ్చి చెనక్కాయలు తొక్కతోనే ఉప్పేసి ఉడకబెట్టడం మన వైపే ఉందనుకునేదాన్ని. సౌత్ కరోలినాలో 2006లో ఉడకబెట్టిన చెనక్కాయల్నే తమ రాష్ట్ర అధికారిక చిరుతిండిగా చట్టం చేసుకున్నారట! ఈ మాట మా పెద్దదానికి చెప్పినాక అది తన క్లాసులో అమెరికన్ ఫ్రెండ్‌కి ధైర్యంగా చెప్పింది మేం కూడా ఇవే తింటాం అని. అంతకుముందు మన తిండి డబ్బా తెరిచేదానికి సిగ్గుపడేది.

బొమ్మల సంగతికి వస్తా. ఊళ్ళో తాటిచెట్టు ఉంది కాబట్టి తాటికాయల బండి, కొబ్బరాకు ఉంది కాబట్టి కొబ్బరాకు వాచీ, బూర, బొప్పాయి ఆకు కాడ గొట్టంలాగా ఉంటుంది కాబట్టి సబ్బునీళ్ళ బుడగలు. గాలిపటానికి పాత పేపరు, చీపురుపుల్లలు, అతికించేదానికి అన్నం మెతుకులు. ఎవురూ దేనికీ అంగడికి పోలేదు. డల్లాస్‌లో తాటిచెట్టు లేదే అని నేను కొన్నాళ్ళు బాధపడ్డా, ఆన్‌లైన్‌లో ఎండు తాటాకులు ఎంతో అని కూడా వెతికా, అది పొదుపు కాదు కదా. ఇక్కడ మన ఇంటి ముందర రోజూ పడేది అట్టపెట్టె. ఇక్కడి తాటికాయ అదే.

అట్టపెట్టె బండి చేసేటప్పుడు చక్రాలు వంగిపోతున్నాయని చాలామంది వదిలేస్తారు. డబ్బా మూత పెట్టి గుండ్రంగా గీసి ఒక్కో చక్రానికి రెండు ముక్కలు కొయ్యండి, అట్ట లోపల గీతలు ఉంటాయి చూడండి, ఒక ముక్క గీతలు నిలువుగా, రెండోదాని గీతలు అడ్డంగా వచ్చేట్టు పెట్టి అతికిస్తే వంగదు. ఇరుసు పుల్లని పెట్టెకి నేరుగా అతికించొద్దు, తిరగదు. ముందు ఒక స్ట్రా ముక్క పెట్టె కింద అతికించి పుల్లని స్ట్రా లోపల నించి దూర్చి రెండు పక్కలా చక్రాలు గుచ్చితే ఇల్లంతా తిరుగుద్ది. పుల్ల మొనలు కత్తిరించేయండి, కోసే పని పెద్దోళ్ళది, అతికించేదీ రంగులేసేదీ పిల్లలది.

జిగురు కూడా కొనక్కర్లేదు. మూడు చెంచాల మైదా కప్పున్నర చల్లనీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, సన్న సెగ మీద తిప్పుతా ఉంటే చిక్కబడి అద్దంలాగా మెరుస్తుంది, ఫ్రిజ్‌లో పెడితే మూడు నాలుగు రోజులుంటుంది. మన ఊళ్ళో సినిమా పోస్టర్లు అంటించేది ఈ బంకతోనే. వాళ్ళు పురుగు పట్టకుండా మయిలుతుత్తం కలిపేవాళ్ళు, అది విషం, ఇంట్లో పిల్లలకి చేసేదాంట్లో అస్సలు వేయకూడదు.

డబ్బులు పెట్టి కొనాల్సినవి కూడా కొన్ని ఉన్నాయి, ఈసారి ఊరు పోయినప్పుడు నేను తెచ్చుకున్నవి చెబుతా. ఒకటి మార్కాపురం రాతి పలకలు, రెండు. బట్టల మధ్య పెట్టుకొచ్చా, పగల్లేదు. పేపర్లు, మార్కర్లు ఎన్ని మిగిలినయ్యో నేను లెక్కబెట్టలా కానీ గోడల మీద గీతలు మాత్రం ఆగినయ్యి. రెండోది ఉదయగిరి చెక్క గరిటెలు, చిన్నవి, పిల్లల చేతికి సరిపోయేవి. వేడి కాదు, గిన్నె గీరదు, ఉండల పిండి కలిపేదానికి మా చిన్నోడి గరిటె వేరే ఉంది, ఇంకెవురూ ముట్టుకోకూడదు. అక్కడ కొండల్లో దొరికే చెక్కని చేత్తో చెక్కే పనోళ్ళ కడుపు నిండే కొనుగోలు అది, నాకది దుబారా అనిపించలా.

టైమ్ ఎక్కడిది అంటారు. ఇద్దరం ఉద్యోగాలు చేసేవాళ్ళమే, నాకూ తెలుసు ఆ కష్టం, సాయంత్రం కాల్స్ ఉన్నరోజు మా ఇంట్లో కూడా ప్యాకెట్టే. నేను చేసేది ఆదివారం ఒక గంట, ఉండలు చుట్టేదీ, శనగలు వేయించి డబ్బాకి పోసేదీ ఆ గంటలోనే. అలసందలు నానబోసేది రాత్రి అంట్లు సర్దేటప్పుడు. బండ్లు, గాలిపటాలు చేసే టైమ్ వేరే వెతుక్కోలా, ముందు టీవీ ముందర పోయే టైమే అది. మా వారు వంటలోకి రారు కానీ అట్టపెట్టెల దగ్గర ఆయనే పెద్ద మేస్త్రి, పోయిన నెల ముగ్గురూ కలిసి మైపాడు బీచ్ అని పేరుపెట్టి ఒక పెట్టెలో ఇసక పోసి, ఊరి నించి తెచ్చిన ఆలుచిప్పలు పేర్చి, కాగితం పడవలు పెట్టారు. అమ్మకి వీడియో కాల్‌లో చూపిస్తే "ఏంది నాయనా, పడవ ఒడ్డున పెట్టి వల యాడ వేశావు" అని అడిగింది, చిన్నోడు వెంటనే ఉల్లిపాయల సంచీ కత్తిరించి వల చేశాడు.

ఇక్కడి మన తెలుగు అసోసియేషన్ వాళ్ళకి ఒక మాట. ప్రతి సంక్రాంతికీ పిల్లలకి గుడీ బ్యాగులు ఇస్తున్నాం, అందులో ప్లాస్టిక్ బొమ్మ, రెండు చాక్లెట్లు, ఒక చిప్స్ ప్యాకెట్. మంచి మనసుతోనే ఇస్తున్నారు, నేను కూడా రెండేళ్ళు కూర్చుని ఆ సంచులు నింపినదాన్నే. కారు ఎక్కేలోపే ఆ బొమ్మలు విరిగిపోవడం పార్కింగ్‌లో నా కళ్ళతో చూశా. వచ్చే సంక్రాంతికి ఆ డబ్బులో పదో వంతు చాలు, హాల్లో ఒక మూల రెండు పొడుగు బల్లలు ఇప్పించండి. ఒక బల్ల మీద బొరుగులు, గుగ్గిళ్ళు పిల్లలే కలుపుకుంటారు, రెండోదాని మీద బండ్లు, గాలిపటాలు. ఊళ్ళ నించి వచ్చి ఉన్న అమ్మమ్మలు, నాయనమ్మలు స్టేజీ ప్రోగ్రాములు అర్థంకాక వెనక కుర్చీల్లో కూర్చుని ఉంటారు కదా, వాళ్ళని ఈ బల్లల దగ్గర కూర్చోబెడదాం, నేర్పించేది వాళ్ళే. అట్టపెట్టెలు ఎవరింట్లో ఉన్నవి వాళ్ళు తెండి, మడత పెట్టి, టేపు పీకేసి. కత్తెర్లు మా ఇంట్లో ఆరున్నాయి. బంక నేను కాచుకొస్తా.