థైమస్ గడ్డకి ఆపరేషన్ ముందు సీటీ స్కాన్: రిస్క్ అంటే ఏ రిస్క్?

థైమస్ గడ్డల మీద ఈ మధ్య వస్తున్న పరిశోధనల్లో చాలావాటికి ఒకటే టార్గెట్, సీటీ స్కాన్ చూసి ఈ గడ్డ లో రిస్క్ రకమా హై రిస్క్ రకమా అని కత్తి పెట్టకముందే చెప్పేయాలని. వినడానికి చాలా బాగుంది, పేషెంట్ కూడా అదే అడుగుతాడు కదా, "ఇది మంచిదా చెడ్డదా డాక్టర్ గారూ" అని. కానీ నా ఉద్దేశంలో మనం సీటీని అడుగుతున్న ప్రశ్న తప్పు. గడ్డ లోపలి కణాలు ఏ రకమో ఊహించడం దాని పని కాదు, అది మైక్రోస్కోప్ పని. గడ్డ పక్కనున్నవాటిని ఎంతవరకు పట్టుకుంది, మొత్తం తీయగలమా, అసలు తీయాల్సిన గడ్డేనా, ఈ మూడింటికీ సీటీ చాలావరకు సమాధానం ఇస్తుంది, ఆపరేషన్ నిర్ణయం కూడా వీటి మీదే ఉంటుంది.

థైమస్ అంటే ఛాతీ మధ్య ఎముక వెనకాల, గుండెకి కాస్త పైన ముందువైపు ఉండే గ్రంథి. చిన్నప్పుడు పెద్దగా ఉంటుంది, ఇన్ఫెక్షన్లతో పోరాడే టీ కణాలు అక్కడే తయారవుతాయి, పెద్దయ్యేకొద్దీ కుంచించుకుపోయి కొవ్వుగా మారిపోతుంది. అక్కడ వచ్చే గడ్డల్లో ముఖ్యమైనది థైమోమా, చాలా అరుదు, అమెరికా లెక్కల్లో ఏడాదికి లక్ష మందికి 0.13 మాత్రమే. కొందరిలో మయస్థీనియా గ్రేవిస్ అనే కండరాల బలహీనత జబ్బు వల్ల బయటపడుతుంది, అంటే కనురెప్పలు వాలిపోవడం, ఒకటి రెండుగా కనిపించడం, సాయంత్రానికి మాట ముద్దగా అయిపోవడం. ఈ జబ్బు ఉన్నవాళ్లలో 10 నుంచి 15 శాతం మందికి థైమోమా ఉంటుంది. మయస్థీనియా లేనివాళ్లలో చాలామందికి వేరే దేనికోసమో సీటీ తీస్తే కనిపిస్తుంది. కోవిడ్ టైంలో మన దగ్గర ఎంతమంది ఛాతీ సీటీలు తీయించుకున్నారో గుర్తుందిగా. అమెరికాలో ఫ్రేమింగ్‌హామ్ స్టడీ వాళ్లు 2,571 మంది సీటీలు చూస్తే 23 మందిలో, అంటే 0.9 శాతం మందిలో, ఛాతీ ముందు భాగంలో ఏదో ఒక గడ్డ కనిపించింది. అంటే థైమోమా కంటే "ఇది థైమోమా ఏమో" అనే భయమే చాలా ఎక్కువమందికి వస్తుంది.

ఇప్పుడు ఆ లో రిస్క్, హై రిస్క్ సంగతి చూద్దాం. డబ్ల్యూహెచ్ఓ పద్ధతిలో థైమోమాలు ఏ, ఏబీ, బీ1, బీ2, బీ3 అని ఐదు ముఖ్యమైన రకాలు, ఇవి కాక ఇంకా దూకుడైన థైమిక్ కార్సినోమా అనే క్యాన్సర్ వేరే. మొదటి మూడింటినీ లో రిస్క్ అని, బీ2 బీ3ని హై రిస్క్ అని పేపర్లు రాసేవాళ్లు రెండు గుంపులు చేసుకున్నారు. చిక్కేంటంటే ఒకే గడ్డలో ఒక పక్క బీ1 ఇంకో పక్క బీ2 ఉండటం మామూలే, ఒకే స్లైడ్ చూసి ఇద్దరు పెథాలజిస్టులు వేర్వేరు పేర్లు పెట్టడం కూడా మామూలే. గడ్డ చేతిలో పెట్టుకుని చూసినవాళ్లకే తేలనిది ఫొటోలో చూసి తేల్చాలనుకోవడం ఎంతవరకు సబబు? పైగా 2015 నుంచి డబ్ల్యూహెచ్ఓ ఒకటి రెండు అరుదైన రకాలు తప్ప థైమోమాలన్నిటినీ క్యాన్సర్ కిందే లెక్కేస్తోంది. కాబట్టి లో రిస్క్ అంటే వదిలేయొచ్చు అని కాదు, ఈ ఒక్క మాట పేషెంట్ కుటుంబానికి సరిగ్గా చేరాలి.

అసలు విషయం ఇంకోటి ఉంది. గడ్డ ఒక కవర్‌లో చుట్టినట్టు నీట్‌గా ఉండి, మనిషి ఆపరేషన్‌కి తట్టుకోగలిగితే, అది ఏ రకమైనా బీ3 అయినా సర్జన్ తీసేస్తారు. అలా కాకుండా పెద్ద రక్తనాళంలోకో ఊపిరితిత్తిలోకో చొరబడి ఉంటే, అది లో రిస్క్ రకమే అయినా ముందు బయాప్సీ చేసి, కీమో ఇచ్చి, గడ్డ తగ్గాక ఆపరేషన్ ఆలోచిస్తారు. రెండు చోట్లా నిర్ణయం మార్చింది రకం కాదు, గడ్డ ఎంతవరకు పాకింది అన్నది. 1981లో జపాన్ డాక్టర్ మసావొకా పెట్టిన స్టేజింగ్ (జబ్బు ఎంత ముదిరిందో చెప్పే పద్ధతి) దగ్గర్నుంచి, గడ్డ, లింఫ్ గ్రంథులు, దూరంగా పాకడం చూసే ఇప్పటి టీఎన్ఎం దాకా ముఖ్యంగా లెక్కేసేది అదే. పేషెంట్ ఎన్నేళ్లు బతుకుతాడో చెప్పడంలో కూడా స్టేజీ, గడ్డ పూర్తిగా తీయగలిగారా లేదా, ఈ రెండే ముందు వరసలో ఉంటాయి. రకం తెలిస్తే అసలు ఉపయోగం లేదని నేననట్లేదు, బాగా వయసు మీదపడి గుండె బలహీనంగా ఉన్నవాళ్లకి చిన్న గడ్డ దొరికితే తీయాలా కొన్నాళ్లు చూడాలా అనే చోట పనికొస్తుంది, కానీ అలాంటి కేసులు తక్కువ.

మరి సీటీలో చూడాల్సినవేంటి? గడ్డ 7 సెంటీమీటర్లు దాటిందా, అంచు గుండ్రంగా ఉందా లేక ముద్దలు ముద్దలుగా ఎగుడుదిగుడుగా ఉందా, చుట్టూ ఉన్న కొవ్వులోకి గీతలు గీతలుగా పాకిందా, ఇవి ముదిరిన స్టేజీని సూచించే గుర్తులని చాలా ఏళ్లుగా తెలుసు. పెద్ద సిర లోపలికి గడ్డ దూరినట్టు కనిపిస్తే ఇంక అనుమానం అక్కర్లేదు. ఒక పక్క డయాఫ్రం, అంటే ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే ఊపిరి కండరం, పైకి లేచి ఉంటే దాన్ని కదిలించే ఫ్రెనిక్ నరం దెబ్బతిందేమో అని చూడాలి, ఎందుకంటే ఆ నరం పోతే ఆ వైపు ఊపిరి సగం పోయినట్టే, మయస్థీనియా ఉన్నవాళ్లకైతే మరీ ప్రమాదం. అన్నిటికంటే ఎక్కువ మిస్సయ్యేది ప్లూరా, అంటే ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొర. థైమోమా ఎక్కువగా అక్కడికే జారి చిన్న చిన్న గింజల్లా అంటుకుంటుంది, కింద డయాఫ్రం వెనక మూలల్లో కూడా ఉండొచ్చు, కాబట్టి స్కాన్ అక్కడిదాకా తీయాలి, చూసేవాళ్లు ఓపిగ్గా అక్కడిదాకా చూడాలి. ఒక్క జాగ్రత్త, గడ్డకీ రక్తనాళానికీ మధ్య కొవ్వు గీత కనపడనంత మాత్రాన చొచ్చుకుపోయిందని కాదు, కొన్నిసార్లు ఆనుకుని మాత్రమే ఉంటుంది, అది సర్జన్ లోపల చూశాకే తేలుతుంది.

ఇక అసలు తీయాల్సిన గడ్డేనా అన్న ప్రశ్న. ఇది నన్ను ఎక్కువ బాధపెట్టే విషయం. బోస్టన్‌లో ఒక పెద్ద ఆసుపత్రి డాక్టర్లు తమ సొంత రికార్డులే తిరగేసి 2015లో ఒక పేపర్ రాశారు, అక్కడ చేసిన థైమస్ ఆపరేషన్లలో 40 శాతం పైగా పేషెంట్‌కి వైద్యపరంగా లాభం లేనివే అని. తీశాక చూస్తే కొన్ని లింఫోమాలు (లింఫ్ కణాల క్యాన్సర్లు), కొన్ని మామూలు నీటి తిత్తులు, కొన్ని ఊరికే పెరిగిన థైమస్. లింఫోమాకి కావాల్సింది కీమో, ఆపరేషన్ కాదు. తిత్తిలో ప్రొటీనో పాత రక్తమో ఉంటే సీటీలో గట్టి గడ్డలాగే కనిపిస్తుంది, ఎంఆర్ఐ తీస్తే అది తిత్తి అని చాలాసార్లు తేలిపోతుంది. కొవ్వు కలిసి ఉన్న మామూలు థైమస్‌ని కూడా కెమికల్ షిఫ్ట్ అనే ఎంఆర్ఐ పద్ధతి గుర్తుపడుతుంది. మగవాళ్లలో, అందులోనూ కుర్రాళ్లలో, ఏఎఫ్‌పీ, బీటా హెచ్‌సీజీ రక్తపరీక్షలు ముందే చేస్తే జెర్మ్ సెల్ గడ్డల్లో (బీజకణాల నుంచి వచ్చేవి) కొన్ని రకాలు బయటపడతాయి. ఎముక కోసి ఛాతీ తెరవడంతో పోలిస్తే ఇవన్నీ ఎంత చిన్న ఖర్చు! తీయగలిగే థైమోమా అని సీటీ గట్టిగా చెప్తుంటే గడ్డ పొర చీల్చకూడదని బయాప్సీ మానేస్తారు, అది సరైన పద్ధతే, కానీ అందుకే ఆ సీటీ రీడింగ్ మీద అంత బరువు పడుతోంది.

ఏఐ, రేడియోమిక్స్ (స్కాన్ ఫొటోని కంప్యూటర్‌తో అంకెలుగా మార్చి లెక్కేయడం) అంటూ వస్తున్న పేపర్ల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే న్యూస్‌లో హెడ్డింగులు వాటివే. ఏయూసీ అనే కొలత 0.8 వచ్చింది అని రాస్తారు, దానర్థం ఒక హై రిస్క్ గడ్డ, ఒక లో రిస్క్ గడ్డ జతగా ఇస్తే వంద జతల్లో 80 సార్లు హై రిస్క్ దానికి ఎక్కువ మార్కులు వేస్తుందని, అంతేగానీ మీ గడ్డ విషయంలో 80 శాతం కరెక్ట్ అని కాదు. జబ్బు అరుదు కాబట్టి చాలావాటిలో వందా రెండొందల మంది పేషెంట్లే, అదీ ఒకే ఆసుపత్రి పాత రికార్డుల నుంచి. స్కాన్ ముక్కల (స్లైస్) మందం మారినా, కాంట్రాస్ట్, అంటే రక్తనాళాలు స్పష్టంగా కనపడేలా ఇచ్చే మందు, ఎక్కించాక ఎన్ని సెకన్లకి స్కాన్ తీశారో మారినా కంప్యూటర్ లెక్కేసే అంకెలు మారిపోతాయి. ఇంకా పెద్ద లోపం, ఇలాంటి స్టడీల్లో తీసుకునేది ఆపరేషన్ అయ్యి థైమోమా అని తేలిన గడ్డల్నే, తిత్తులూ లింఫోమాలూ ఆ లెక్కలో ఉండవు, మరి మన ముందుకొచ్చే పేషెంట్‌కి మొదటి డౌటే అది కదా. ఆ పరిశోధకుల కష్టాన్ని నేను తక్కువ చేయట్లేదు, ఇదే టెక్నాలజీని "పూర్తిగా తీయగలమా" అనే ప్రశ్న మీద, నాలుగైదు దేశాల ఆసుపత్రుల స్కాన్లు కలిపి వాడితే చాలా మేలు జరుగుతుంది.

మన దగ్గర అయితే సమస్య ఏఐ దాకా కూడా వెళ్లలేదు, రిపోర్ట్ దగ్గరే ఆగిపోయింది. మా బంధువుల్లో ఒకావిడకి వచ్చిన రిపోర్ట్‌లో గడ్డ సైజు ఒక లైను, థైమోమా అయ్యుండొచ్చు అని ఇంకో లైను, అంతే. ప్లూరా గురించి, డయాఫ్రం గురించి, రక్తనాళాల గురించి ఒక్క ముక్క లేదు, పైగా కాంట్రాస్ట్ లేకుండా తీసిన స్కాన్. సర్జన్ చూసి మళ్లీ తీయించారు, డబ్బులు మళ్లీ, రేడియేషన్ మళ్లీ. థైమస్ గడ్డల మీద పనిచేసే అంతర్జాతీయ డాక్టర్ల గ్రూప్ ఐటీఎంఐజీ, సీటీ రిపోర్ట్‌లో ఏమేం రాయాలో 2011లోనే లిస్ట్ ఇచ్చింది, సైజు, అంచు, కొవ్వు, రక్తనాళాలు, ప్లూరా, డయాఫ్రం, లింఫ్ గ్రంథులు అన్నీ అందులో ఉన్నాయి. ఆ ఫార్మాట్ వాడటానికి కొత్త మెషీన్ అక్కర్లేదు. హైదరాబాద్, విజయవాడ, విశాఖ స్కాన్ సెంటర్లు అందరూ రేపట్నుంచే మొదలుపెట్టొచ్చు.

సీటీలో ఎంత వెతికినా కనిపించని రిస్క్ కూడా ఒకటుంది. పేషెంట్‌కి లక్షణాలు లేకపోయినా మయస్థీనియా లోపల దాక్కుని ఉండొచ్చు, మత్తు ఇచ్చి ఆపరేషన్ చేశాక ఊపిరి ఆడక వెంటిలేటర్ మీదే ఉండిపోయే ప్రమాదం ఉంది. అందుకే ఏసీటైల్‌కోలిన్ రిసెప్టర్ యాంటీబాడీ రక్తపరీక్ష ముందే చేయించాలి, రెప్పలు వాలుతున్నాయా, మింగడం కష్టంగా ఉందా అని ఎవరైనా కూర్చుని అడగాలి. థైమోమా మళ్లీ వస్తే చాలా ఆలస్యంగా రావొచ్చు కాబట్టి ఆపరేషన్ తర్వాత పదేళ్ల దాకా స్కాన్లు తీస్తూ ఉంటారు. అప్పుడు పోల్చి చూడటానికి మొదటి సీటీ కావాలి, కాబట్టి ఫిల్ములొక్కటే కాదు సీడీ కూడా అడిగి తీసుకుని, ఒక కాపీ ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో పెట్టుకోండి.