మా సర్జరీ పేషెంట్ గ్రూపు గురించి

ఇంగ్లండులో జీపీ సర్జరీల్లో, అంటే మామూలు జబ్బులకు మొదట వెళ్ళే డాక్టరు క్లినిక్కుల్లో, అక్కడి రోగులే సభ్యులుగా ఉండే పేషెంట్ గ్రూపులు పేరుకే ఉన్నాయని మీ వ్యాసంలో రాశారు. 2015 ఏప్రిల్ నుంచి ప్రతి జీపీ సర్జరీకీ గ్రూపు ఉండాలని కాంట్రాక్టులోనే ఉంది, కాగితం మీద ఉన్నంత మాత్రాన మనుషులు రారన్నదీ నిజమే. మా అనుభవం మాత్రం వేరు.

అపాయింట్‌మెంటు కోసం పొద్దున ఎనిమిదింటికి చేస్తే ఫోన్ కలవదు, కలిసినా మా అత్తయ్యగారికి ఇంగ్లిష్ రాదు. ఆవిడ డాక్టరు దగ్గరికి వెళ్ళడమే మానేశారు. ఫ్లూ టీకాల రోజున గుమ్మం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్న గ్రూపు సభ్యురాలు, ఒక గుజరాతీ పెద్దావిడ, అత్తయ్యగారి చెయ్యి పట్టుకుని రిసెప్షన్ దాకా నడిపించింది. తెలుగు దుభాషిని అడగొచ్చని, డబ్బు కట్టక్కర్లేదని ఆవిడే మాకు చెప్పింది. అన్నేళ్ళలో ఇంకెవరూ చెప్పలేదండీ!

ఇప్పుడు నేనూ ఆ గ్రూపులో చేరాను. వచ్చే టీకాల రోజుకు తెలుగులో చిన్న కాగితం రాస్తున్నాను. ఇక్కడి తెలుగువాళ్ళు మీ సర్జరీలో ఇలాంటి గ్రూపు గురించి ఒక్కసారి అడిగి చూడండి.