గుంటడు ఏటి సదివాడు?

విజయనగరం నుంచి శ్రీకాకుళం పోయే దారిలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ గేటుకు ఫ్లెక్సీ వెలసింది. 'చేతిగడియారంలో ఇమిడే యాంటెనాకు పేటెంట్ సాధించిన మా అధ్యాపక బృందానికి శుభాకాంక్షలు.' ఎనిమిది మొహాలు. అందులో సెక్రటరీ గారిది అందరికంటే పెద్దది, వాళ్లబ్బాయిది దాని తర్వాతది. యాంటెనా బొమ్మ మాత్రం లేదు. చోటు చాలి ఉండదు.

ఇంతకీ సాధించినది ఏమయ్యా అంటే, దరఖాస్తు అచ్చయింది. దరఖాస్తు పెట్టిన 18 నెలలకు అది పేటెంట్ ఆఫీసు జర్నల్లో దానంతటదే అచ్చవుతుంది. అంతదాకా ఆగలేని మహానుభావుల కోసం ఫారం 9 ఉంది, మామూలుగా నెలలోపే పని అయిపోతుంది. అది కొత్తదో పాతదో అప్పటికి ఎవరూ తేల్చి ఉండరు. తేల్చమని అడగడానికి వేరే ఫారం ఉంది, 18వది. విద్యాసంస్థలకు 2021 నుంచి పేటెంట్ ఫీజుల్లో 80 శాతం తగ్గింపు కూడా ఇచ్చారు. ఫ్లెక్సీ కొట్టేవాడే తగ్గించడు పాపం.

ఇక ఆ ఘన ఆవిష్కరణ. గుండ్రటి మెటల్ బాడీ, పైన అద్దం, లోపల సర్క్యూట్ బోర్డు. బాడీకీ బోర్డుకీ మధ్య చుట్టూ సన్నటి సందు. ఆ సందే మా యాంటెనా అన్నది మొదటి క్లెయిము, అంటే 'ఇది మా సొంతం' అని దరఖాస్తులో రాసుకునే వాక్యం. లోహంలో కోసిన సందు కూడా తీగలాగే ప్రసారం చేస్తుందని 1946లో బుకర్ లెక్క కట్టి మరీ చూపించాడు. ఈసీఈ పిల్లలు దాన్నే స్లాట్ యాంటెనా అని పరీక్షల్లో రాస్తుంటారు.

40 మి.మీ. వ్యాసమున్న గడియారం చుట్టూ సందు పొడవు దాదాపు 126 మి.మీ. జీపీఎస్ 1575.42 మెగాహెర్ట్జ్ మీద వస్తుంది, దాని తరంగదైర్ఘ్యం 190 మి.మీ., అందులో సగం 95. సందు వెంబడి 95 మి.మీ. ఎడంగా రెండు స్ప్రింగు క్లిప్పులు పెట్టి, బోర్డు గ్రౌండుని బాడీకి తగిలిస్తే ఆ మధ్య ముక్క జీపీఎస్‌కి పలుకుతుంది. బ్లూటూత్‌కైతే 61 మి.మీ. చాలు. సందులో ప్లాస్టిక్ నింపితే ఈ కొలతలు ఇంకా తగ్గుతాయి. నాలుగో క్లెయిములో క్లిప్పుల ఎడం 95 మి.మీ. అన్నారు. అయిదో క్లెయిములో 'సుమారు 95' అన్నారు. అదీ పరిశోధన అంటే.

అసలు కష్టం చేతికి పెట్టుకున్నాక మొదలవుతుంది. బల్ల మీద చక్కగా పలికిన స్లాట్, మణికట్టు తగలగానే కింది ఫ్రీక్వెన్సీకి జారిపోతుంది. కండ నిండా ఉప్పునీరే కదా, వచ్చిన శక్తిలో పెద్ద వాటా అదే తాగేస్తుంది. చెమట దిగి క్లిప్పుకి చిలుము పడితే గ్రౌండ్ వదులై జీపీఎస్ ఎటో పోతుంది. వీటిలో ఒక్కదానికి మందు కనిపెట్టినా ఎనిమిది ఫోటోలకూ దండలు వేయొచ్చు. దరఖాస్తులో మణికట్టు ఊసే లేదు.

మన చట్టం సెక్షన్ 2(1)(జెఎ) ఏమంటుందంటే, ఆ విద్య తెలిసిన మనిషికి తేలిగ్గా తట్టేదైతే పేటెంట్ రాదు. ఎవరా మనిషి? లోకంలో లేడు, చట్టంలోనే ఉంటాడు. పాత పత్రాలు రెండు ముందు పెడితే, వాటిని కలిపి ఈ కొత్తది చెయ్యాలని ఆయనకు తట్టేదా అని వకీళ్లు వాదించుకుంటారు. ఆయన్ని విజయనగరం దాసన్నపేటలో పెళ్లిచూపులకు తీసుకొచ్చారనుకుందాం.

"గుంటడు ఏటి సదివాడు?" అంది పిల్ల మేనత్త.

"అచ్చయిన పేటెంట్లన్నీ సదివాడమ్మా, జపానోళ్లవి కూడా" అన్నాడు పేరయ్య.

"అబ్బో! మరి సొంత బుర్రో?"

"అది ఉండకూడదంతారమ్మా వకీళ్లు."

మేనత్తకి అనుమానం వచ్చి వంటింట్లోకి తీసుకుపోయింది. వంకాయలు చూపిస్తే "మొదటి పత్రం" అన్నాడు. ఉల్లికారం చూపిస్తే "రెండో పత్రం" అన్నాడు. కూర చెయ్యమంటే కదలడు. "ఈ రెండూ కలపమని ఏ పత్రంలోనూ రాసి లేదండీ. కలపడానికి ప్రేరణ ఏది?"

"ఆకలేస్తంది కదేటి, బాబూ!"

"ఆకలి ప్రేరణ అవునో కాదో వాదనలు వినాలి. కలిపితే కుదురుతుందన్న సహేతుకమైన ఆశ కూడా ఉండాలి."

అంతలో వీధి గుమ్మంలోంచి కాలేజీ వకీలు దూసుకొచ్చాడు. "చూశారా! ఇంత చదివినాయనకే తట్టలేదు. కాబట్టి వంకాయ ఉల్లికారం మా ఆవిష్కరణ. ఇరవై ఏళ్లు ఈ వీధిలో ఎవరూ వండకూడదు!"

"ఈ సంబందం ఒగ్గీండి" అని మేనత్త లేచిపోయింది.

ఈ మనిషి మరబొమ్మ కాదు, మామూలు తెలివి ఉన్నవాడే అని 2007లో కేఎస్ఆర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. అదీ ఒక కారు పెడల్ మీద. మన సుప్రీంకోర్టు అంతకు చాలా ముందే, 1978లో, మీర్జాపూర్ గిన్నెల కేసులో తేల్చేసింది. లేతు మీద తిరిగే గిన్నె ఊడిపోకుండా టెయిల్‌స్టాక్ వైపు నుంచి, అంటే లేతు అవతలి కొస నుంచి, ఒత్తిపట్టే కడ్డీకి పేటెంట్ తీసుకున్నారు. అది వర్క్‌షాపులో ఎవరైనా చేసుకునే సర్దుబాటే అని కొట్టేశారు. ఆ తీర్పు బూడితి ఇత్తడి పనివాళ్లకు చదివి వినిపిస్తే, దీనికి కోర్టు దాకా ఎందుకెళ్లారని అడుగుతారు.

చూశాక ఏదైనా తేలికే అంటారు వకీళ్లు. నిజమే, ఆ జాగ్రత్త ఉండాల్సిందే. కానీ ఇక్కడ ఎవరూ ఏదీ చూడనక్కర్లేదు, పిల్లలు ఏటా రాస్తున్న జవాబే ఇది!

పేటెంట్ ఆఫీసు పరీక్షకుడి మొదటి నివేదిక వస్తే, అందులో పాత పత్రాలు వరసగా ఉంటాయి. జవాబుకు ఆరు నెలలు గడువు. ఇవ్వకపోతే దరఖాస్తు వదిలేసుకున్నట్టే లెక్క. వీళ్లకు జవాబు ఇచ్చే ఉద్దేశం ఉంటే కదా! ర్యాంకింగు ఫారంలో అంకె పడింది, ప్రమోషన్ ఫైల్లో కాగితం పడింది, చాలు. సిగ్గుండాలి. లక్షలు పోసి చేరిన పిల్లలకు ల్యాబులో యాంటెనా ఏ ఫ్రీక్వెన్సీకి పలుకుతుందో చూపే నెట్‌వర్క్ ఎనలైజర్‌ని అద్దాల బీరువాలో తాళం వేసి చూపిస్తారు. రాగి రేకు కోసి, స్లాట్ చేసి, అరచెయ్యి ఆనిస్తే తెర మీద గీతలో పల్లం (డిప్) ఎటు జరుగుతుందో కళ్లారా చూసే యోగం నాలుగేళ్లలో ఒక్కసారి రాదు. ఆ బీరువా తాళం తియ్యలేనివాళ్లు పేటెంట్ అంటూ గేటుకు కట్టుకోవడం పిల్లల సొమ్ము తిని వాళ్ల మొహానే ఉమ్మడం.

సెక్షన్ 25(1) ప్రకారం, అచ్చయ్యాక పేటెంట్ ఇచ్చేలోపు ఎవరైనా అభ్యంతరం పెట్టొచ్చు. డిగ్రీ ఉండాలనలేదు, సీనియారిటీ అడగలేదు. ఫారం 7ఎ నింపి చెన్నై పేటెంట్ ఆఫీసుకు పంపాలి. ఆ కాలేజీ ఈసీఈ పిల్లలే పంపాలి. జత చెయ్యాల్సింది వాళ్ల పాఠ్యపుస్తకంలో స్లాట్ యాంటెనా పేజీలు, ఆ పుస్తకం అచ్చయిన సంవత్సరం కనిపించేలా. ఆ రోజుకి అటెండెన్స్ మాత్రం ఎవరూ వెయ్యరు.