మొక్కల బొగ్గుకు అసలు పరీక్ష

ఆకు కషాయంతో వెండి నానోకణాలు (కంటికి కనిపించనంత చిన్న రేణువులు) చేశామనీ, పొట్టు కాల్చిన బొగ్గు ఎండను ఇట్టే పీల్చేస్తోందనీ పరిశోధన పత్రాలు వరసగా వస్తున్నాయి. ఎండ వేడిని పట్టి వాడుకోవడానికి ఇవి పనికొస్తాయనడంలో మాకు సందేహం లేదు. ‘మొక్కల నుంచి వచ్చింది’ అన్న ముద్ర చూసి కొలమానం సడలించడానికి మాత్రం ఒప్పుకోలేం.

సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో ఆకు కషాయం పోస్తే అందులోని పాలీఫినాల్స్ అనే మొక్కల రసాయనాలు వెండి అయాన్లను (విద్యుదావేశమున్న పరమాణువులను) కణాలుగా మారుస్తాయి. ద్రవం పసుపెక్కి, ఆపై గోధుమరంగుకు తిరుగుతుంది. ఫొటోకు బాగుంటుంది. కానీ గుండ్రటి వెండి నానోకణాలు ప్రధానంగా 400–450 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం (ఊదా, నీలం రంగులు) దగ్గరే కాంతిని పట్టుకుంటాయి. ఎండలో దాదాపు సగం శక్తి కంటికి కనిపించని పరారుణ కాంతిలోనే ఉంది, దాన్ని ఇవి వదిలేస్తాయి. ఈ పనికి బొగ్గే మేలు.

అలాగని బొగ్గు తేలిగ్గా లొంగదు. పొట్టును 105 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆరబెట్టి, పొడిచేసి, నత్రజని పారే కొలిమిలో 500–700 డిగ్రీల దగ్గర కాల్చాలి. ఎక్కడో బిగింపు వదులై గాలి చొరబడితే మిగిలేది బూడిదే. అంతకన్నా పెద్ద చిక్కు కడగడంలో ఉంది. మొక్కల్లో పొటాషియం, కాల్షియం లవణాలుంటాయి. ముందు సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో, తర్వాత అయాన్లు తీసేసిన నీటితో, బయటికొచ్చే నీటి విద్యుత్ వాహకత తగ్గి నిలకడ పడేదాకా కడగాలి. సగంలో ఆపేస్తే, ఎండకు వేడెక్కించే ద్రవంలో ఈ బొగ్గుపొడిని కలిపినప్పుడు, మిగిలిన అయాన్లు కణాల మీది ఆవేశాన్ని కప్పేస్తాయి. ఒకదాన్నొకటి నెట్టుకోవలసిన కణాలు గుంపు కడతాయి. గాజు గొట్టంలో పైభాగం తేటపడి, అడుగున నల్లటి మడ్డి చేరిందంటే కారణం చాలాసార్లు ఇదే. సర్ఫాక్టెంట్ (కణాలను విడివిడిగా ఉంచే సబ్బులాంటి పదార్థం) పోసి దీన్ని కప్పిపుచ్చేవాళ్లున్నారు. ద్రవం వేడెక్కేకొద్దీ ఆ పట్టు సడలుతుంది, పంపులో నురగ అదనం.

బొగ్గు పొరను నీటిపై తేల్చి ఆవిరి పుట్టించే పద్ధతిలో అంకెలు మరీ ఉదారంగా ఉంటున్నాయి. చదరపు మీటరుకు 1 కిలోవాటు ఎండలో, మామూలు గుప్తోష్ణం (నీరు ఆవిరిగా మారడానికి పట్టే వేడి) లెక్కన, గంటకు సుమారు 1.5 కిలోల నీటికి మించి ఆవిరి కాదు. అంతకన్నా ఎక్కువ చెప్పేవారు చీకట్లో ఎంత ఆవిరైందో, చుట్టూ ఉన్న గాలి ఎంత వేడినిచ్చిందో చూపాలి.

నల్లటి పొర వేడిని పీల్చినంత బాగానే వెళ్లగక్కుతుంది కూడా. ఉద్గారత (వేడిని కిరణాలుగా వెళ్లగక్కే గుణం; గరిష్ఠం 1) 0.9 ఉన్న పొర 100 డిగ్రీల దగ్గర, పరిసరాలు 27 డిగ్రీలుంటే, చదరపు మీటరుకు దాదాపు 570 వాట్లు పోగొట్టుకుంటుంది. ఉద్గారత 0.1 ఉన్న లోహపు పూత పోగొట్టుకునేది 65 వాట్లలోపే. అందుకే మొక్కల బొగ్గు నీళ్లు కాచడానికి, ఆరబెట్టడానికి, ఉప్పునీటిని మంచినీరు చేయడానికి సరిపోతుంది. విద్యుత్కేంద్రపు ఆవిరి దాకా దాన్ని లాగడం అత్యాశ.

తొలి గంట ఫలితం చాలదు. వందల సార్లు వేడెక్కి చల్లారాక ఎండను పీల్చే శక్తి ఎంత మిగిలిందో, చిక్కబడిన ద్రవాన్ని తోయడానికి పంపు ఎంత కరెంటు తిన్నదో సమీక్షకులు అడగాలి. వాడిన ఆమ్లం, నత్రజని లెక్కలూ పట్టికలో ఉండాలి. కడిగిన ఆమ్లాన్ని కాలవలోకి వదిలేసే పద్ధతిని హరితమని ఒప్పుకోకూడదు.