సగటు పదిహేను శాతమా? ఒక ఫార్వర్డ్‌కు జవాబు

బెంగళూరు మారతహళ్లిలో మా అపార్ట్‌మెంటు తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో నెల రోజులుగా ఒక సందేశం తిరుగుతోంది. బొంబాయి షేర్ మార్కెట్ సూచీ సెన్సెక్స్ సగటున ఏడాదికి 15 శాతం ఇస్తుందని, అందువల్ల లక్ష రూపాయలు ఐదేళ్లలో రెండు లక్షలవుతాయని, ప్రామాణిక విచలనం (ఏటి రాబడి సగటుకు అటూ ఇటూ మామూలుగా ఎంత ఊగుతుందో చెప్పే కొలత) 25 శాతమే గనుక ఏ ఏడాదీ నష్టం 35 శాతం దాటదని, ఎక్కువ కాలం ఉంచితే రిస్కు దానంతటదే పోతుందని దాని సారాంశం.

మొదటిది సగటు సంగతి. 2007 చివర సెన్సెక్స్ 20,287 దగ్గర ఉంది. 2008లో అది 52.4 శాతం పడింది, 2009లో 81 శాతం, 2010లో 17.4 శాతం పెరిగింది. ఈ మూడింటినీ కూడి మూడుతో భాగిస్తే 15.3 శాతం వస్తుంది, అంటే సందేశం చెప్పిన అంకె కన్నా కాస్త ఎక్కువే. ఈ లెక్క చెప్పినప్పుడు ఎదురు ఫ్లాటు పెద్దాయన నమ్మలేదు. పాల బిల్లు వెనక లక్షతో మొదలుపెట్టి ఏడాదికో వరుస రాశారు: 47,600, 86,156, చివరికి 1,01,147. "పదిహేను శాతం ఎక్కడికి పోయిందండీ?" అంటూ కాల్‌క్యులేటర్ మళ్లీ నొక్కారు. పోవడానికి అది అసలు వస్తే కదా! 52.4 శాతం పోగొట్టుకున్న సొమ్ము మళ్లీ మొదటి చోటికి చేరాలంటే 110 శాతం పెరగాలి. చేతికందేది చెప్పేది గుణమధ్యమం, అంటే ఏటా ఒకే రేటున పెరిగితే అదే మొత్తానికి చేర్చే శాతం; కూడి భాగించే అంకమధ్యమం కాదు. ఇక్కడ గుణమధ్యమం ఏడాదికి 0.4 శాతం. డివిడెండ్లు కలిపితే కాస్త మెరుగవుతుంది, అంతే.

ఆ 15 అయినా ఎంత గట్టిది? ప్రామాణిక విచలనం 25గా ఉన్నప్పుడు, 25 ఏళ్ల లెక్కలు చేతిలో ఉన్నా సగటులో ఉండే దోషం 25ను 25 వర్గమూలంతో భాగించినంత, అంటే 5 శాతం. ఆ దోషానికి రెండింతలు అటూ ఇటూ చూస్తే, అసలు సగటు 5కూ 25కూ మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. అది 5 అయితే బ్యాంకు ఎఫ్‌డీయే నయం.

15లోంచి రెండు విచలనాలు, అంటే 50 తీసేస్తే వచ్చిన 35 శాతం నష్టం హద్దు సందేశంలోని లెక్క ప్రకారమే నిలవదు. సగటుకు అటూ ఇటూ రెండు విచలనాల లోపల 95 శాతం సంవత్సరాలు పడతాయంటే, నలభై ఏళ్లకొకటి ఆ కింది గీతను దాటుతుందనే అర్థం. పైగా 2008 నాటి పతనం సగటుకు 2.7 విచలనాల దిగువన ఉంది. రాబడులు సగటు దగ్గర గుమిగూడి, దూరం పోయేకొద్దీ అరుదవుతాయని చెప్పే గంట ఆకారపు వక్రరేఖను నమ్మితే అలాంటిది దాదాపు మూడు వందల ఏళ్లకొకసారి రావాలి. సెన్సెక్స్ లెక్క మొదలయ్యే ఆధార సంవత్సరమే 1978-79, దానికి అన్నేళ్ల చరిత్రే లేదు.

ఇక కాలం రిస్కును పోగొడుతుందన్న మాట. పదహారేళ్లకు సగటు రాబడి విచలనం నాలుగో వంతుకు తగ్గుతుంది, నిజమే. కాని మొత్తం రాబడి విచలనం నాలుగింతలవుతుంది. ఇంటికి తెచ్చుకునేది ఆ మొత్తాన్నే కదా. జపాన్ నిక్కీ సూచీ 1989 డిసెంబరులో అందుకున్న శిఖరాన్ని మళ్లీ దాటింది 2024 ఫిబ్రవరిలో.

పెద్దాయన అమ్మాయి పెళ్లికని 20 లక్షలు పక్కన పెట్టారు, ముహూర్తం ఏడాదిలోపే ఉంటుందట. పాల బిల్లులోని మొదటి వరుసను ఇరవైతో గుణించి 9,52,000 అని రాసుకుని, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.