మాటల కన్నా పంపినవారి గుర్తింపే ముఖ్యం

‘ఉచితం’, ‘ఆఫర్’ లాంటి మాటల వల్లే మంచి మెయిళ్లు స్పామ్‌లోకి పోతాయని మీ వ్యాసంలో రాశారు. అదొక్కటే కాదండీ. మా అమ్మాయికి వచ్చిన ఇంటర్వ్యూ పిలుపులో అలాంటి మాట ఒక్కటీ లేదు, అయినా స్పామ్‌లో పడింది. మెయిల్ ఎక్కడి నుంచి ఎలా వచ్చిందో చూపే హెడర్లు తెరిచి చూస్తే, ఆ కంపెనీ పేరుతో పంపే అనుమతి ఆ సర్వర్‌కు ఉందో లేదో చూసే ఎస్‌పీఎఫ్ ఫెయిల్ అని ఉంది, మెయిల్ అసలుదేనని రుజువు చేసే డీకిమ్ అనే డిజిటల్ సంతకమే లేదు. అంటే ఆ కంపెనీ మెయిళ్లు పంపే సర్వర్‌ను తమ డొమైన్ (మెయిల్ చిరునామాలో @ తర్వాత ఉండే పేరు) రికార్డులో చేర్చనే లేదు. ఫిల్టర్‌కి అది దొంగపేరుతో వచ్చిన ఉత్తరంలాగే కనిపిస్తుంది మరి. జీమెయిల్‌కి రోజుకు 5,000కు పైగా మెయిళ్లు పంపేవాళ్లకు 2024 ఫిబ్రవరి నుంచి ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ (ఈ పరీక్షల్లో తప్పిన మెయిల్‌ను ఏం చేయాలో చెప్పే నియమం) మూడూ తప్పనిసరి. చిన్న సంస్థలు కూడా ఈ పని దయచేసి చేసుకోవాలి. స్పామ్‌లో ఉన్నవాటిని జీమెయిల్ 30 రోజులకు చెరిపేస్తుంది. మేం చూసేసరికి మెయిల్ ఉంది గానీ, ఇంటర్వ్యూ తేదీ దాటిపోయింది.